ఒడ్డు చెప్పే గొంతు

కంప్యూటర్‌లో ఆడే ట్రాక్టర్ గేమ్‌లో, అందరూ ఆడుకునేలా, మా తండా పొలాన్ని నేనే తయారుచేసి చేర్చాను. నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు బురదనీళ్ల కింద ఒడ్డు, అంటే పొలం గట్టు, కనిపించదు. అందుకే ట్రాక్టర్ దాని దగ్గరికి రాగానే నా భార్య శాంతాబాయి గొంతు "ఒడ్డు, ఒడ్డు" అని అరుస్తుంది. పాత ఫోన్ వీడియోలోంచి తీసిన మాట అది. ఆమె ఇప్పుడు లేదు.

బాన్సువాడలో కంప్యూటర్ షాపు నడిపే ఇమ్మానుయేలు నా పొలానికి ఒక్క స్టార్ ఇచ్చాడు. 'ఆడమనిషి ఒర్లుడుకు తలనొస్తుంది' అని రాశాడు. ఆ గొంతు తీసేసి, అదే పొలాన్ని తన పేరుతో పెట్టుకున్నాడు. నేను షాపుకు వెళ్లాను.

"నన్నడగకుండ ఎట్ల తీసినవ్?"

"నువ్వు కంపెనీనడిగి పొలం పెట్టినవా అన్నా? నువ్వు మారిస్తే పనితనం, నేను మారిస్తే దొంగతనమా?"

షాపులో గేమ్ ఆడుతున్నవాళ్లు నవ్వారు.

"మార్చుకోమని కంపెనీయే చెప్పింది. నేను చెప్పలే. గా గొంతు మా ఇంటామెది. సచ్చిపోయింది."

ఇమ్మానుయేలు మౌస్ వదిలేశాడు.

"నాకు తెల్వదన్నా. ఇగో, ఐదు స్టార్లు పెడుతున్న."

"జాలితోని ఇచ్చేది రివ్యూ గాదు. ఒకటే ఉండనీ. నీ పేరు మీద పెట్టిన నా పొలం తీసెయ్."

"గింతమంది ఆడుతుండ్రు, ఎట్ల తీస్త?"

తీయలేదు. వారం తిరగకముందే, అతని పొలంలో ట్రాక్టర్లు ఒడ్డెక్కి బోల్తా పడుతున్నాయని జనం తిట్టడం మొదలుపెట్టారు. అందరూ ఒక్క స్టారే ఇచ్చారు. అప్పుడు ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన గొంతు మళ్ల పెట్టుకోనా? జర ఒప్పుకో."

"ఒర్లే ఆడమనిషి ఇయ్యాల వదినయిందా?" అని ఫోన్ పెట్టేశాను.