సంవత్సరం రాయని గడి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. నేను కనపడకుండా పోతే, ఇంట్లో వాళ్ళు ముందుగా కాఫీ ఎవరు పెడతారని వెతుక్కుంటారేమోనని.

మామగారు వంశచరిత్ర పుస్తకం వేయిస్తున్నారు. ఏడు తరాల వంశవృక్షం పెద్ద అట్ట మీద రాసే పని నా నెత్తిన పడింది. "తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినా దస్తూరీ బాగుంటుంది. ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా" అన్నారు మా ఆయన. ఏడ్చే పిల్లను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో స్కేలు పెట్టి గీతలు గీసుకునే ఖాళీ అది. మగవాళ్ళ గడిలో పేరు, ఊరు, ఉద్యోగం. ఆడవాళ్ళకి ఒట్టి పేరు. పైతరాల్లో అదీ లేదు, "భార్య" అంతే. రాసి రాసి మెడ పట్టేసేది.

బావగారి దగ్గర ఆగిపోయాను. ఆయన మొదటి భార్య, పిల్లల్లేరన్న పోరు పడలేక పదకొండేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. నేనింకా కాపురానికి రాలేదప్పుడు. మామగారి లెక్కలో రెండో పెళ్ళి గీత గీయాలంటే మొదటి పేరు కింద చావు సంవత్సరం ఉండాలి.

"ఏ సంవత్సరం వెయ్యమంటారు మామయ్యా?"

"ఏదో ఒకటి వేసెయ్యమ్మాయ్. చూసేవాళ్ళకి పద్ధతిగా ఉండాలి."

"పోయారని ఎవరైనా చెప్పారా?"

అత్తగారు వంటింట్లోంచి అందుకున్నారు. "చెప్పడానికెవరున్నారే దానికి? పోతూ పోతూ కుట్టుమిషను మోసుకుపోయింది. అంత బరువు మోసింది అంత త్వరగా చస్తుందా!"

మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పిల్లకి టీకా వేయించి, అటునుంచటే రికార్డుల ఆఫీసుకి వెళ్ళాను. ముత్తాతల తేదీల కోసం మామగారు ఎప్పుడూ నన్నే పంపుతారు కాబట్టి గుమస్తాగారికి నేను తెలుసు. పదకొండేళ్ళ మరణాల రిజిస్టర్లు తిరగేశారు.

"ఇక్కడైతే ఈవిడ చనిపోలేదమ్మా. వేరే ఊళ్ళో పోతే నాకు తెలీదు. మీ అట్ట మీద మాత్రం చంపకండి."

ఇంటికొచ్చి రెండో పెళ్ళి గీత గీశాను. మొదటి పేరు కింద ఖాళీగా వదిలేశాను.

"మర్చిపోయావా?" అన్నారు మామగారు.

"లేదు మామయ్యా. తెలియకుండా రాయను."

ఆ ఇంట్లో నేను "రాయను" అనడం అదే మొదలు. చంకలో పిల్ల ఉలిక్కిపడింది. వచ్చే నెల పుస్తకం అచ్చుకి వెళ్తుంది. ఈలోగా ఆవిడ ఉన్నట్టు తెలియకపోతే, ఆ సంవత్సరమేదో మామగారే వేసేస్తారు.

ఆవిడకిప్పుడు నలభై రెండుంటాయి. పొడుగు మనిషి. పాత ఫొటోలో చూశాను, ఎడమ కనుబొమ్మ మధ్యలో గాయం మచ్చ ఉంది. మీ వీధిలో బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా అలాంటావిడ ఎవరైనా ఉంటే, రెండ్రోజులుగా బయట కనపడకపోతే, దయచేసి ఒకసారి తలుపు కొట్టి చూడండి.