గల్లంతు కాలేదు

రాయి మీద ముసుగు తీయకముందే దాని మీద ఏముందో మాకు తెలిసిపోయింది. చెక్కిన మేస్త్రి మావాడే. "యుద్ధంలో గల్లంతైన ముప్పై నలుగురు మిల్లు కార్మికుల స్మృతికి" అనీ, కింద అందరి పేర్లూ చెక్కాడు, అలాగే చెక్కమన్నారు గనుక.

గల్లంతట! వరదలో మేకలు గల్లంతవుతాయి. మావాళ్ళను పట్టపగలు, మగ్గాల షెడ్డులోంచి లాక్కొచ్చి, ఊరు తిరిగి చేతికొచ్చాక మన సైన్యమే లారీ ఎక్కించింది. ఊరు శత్రువు చేతిలో ఉన్న నాలుగు నెలలూ వాళ్ళకు బట్ట నేశారట, అదీ నేరం. దారం కండెలు చుట్టే బాబిన్ల గది కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. లారీ వెనక నుంచి మా అక్క పెదాలు కదిపింది: "సున్నపు క్వారీకి."

ఇది చదువుతున్న పిల్లలూ, మీకు తెలియదు. మగ్గాల మోతలో పనిచేసేవాళ్ళు పెదాలతోనే మాట్లాడుకుంటారు. పెళ్ళి సంబంధాలు, తిట్లు, మేనేజరు మీద జోకులు, అన్నీ అలాగే. ఎటు తీసుకెళ్ళాలో సైనికులు అనుకున్నదీ అక్క అలాగే చదివి ఉంటుంది. యుద్ధం అయ్యాక వేసిన విచారణ సంఘం ముందు ఇదే చెప్పాను. "మీరు చెవులతో విన్నారా?" అని అడిగాడు సంఘం పెద్దాయన. చూశానన్నాను. నా వాంగ్మూలం కొట్టేయించాడు. పదకొండేళ్ళుగా ఆ పెదాలు నా కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి. అద్దంలో నా మొహం చూసుకున్నా అవే. అద్దమంటేనే నాకు భయం.

ఆవిష్కరణకు ముందురోజు షిఫ్టు దిగాక భోజనాల షెడ్డులో కూర్చున్నాం. పేర్లైనా చెక్కారు కదా, ఉన్న ఉద్యోగాలు ఊడగొట్టుకోవద్దని ఫిట్టరు బాబాయి బతిమాలాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, ఇంట్లో ఐదుగురు తినాలి. అప్పుడు బాబిన్ల పెద్దమ్మ లేచింది. ఆవిడ కొడుకు కూడా ఆ లారీలోనే పోయాడు.

"గల్లంతంటే రేపో మాపో రావచ్చనేగా? పదకొండేళ్ళు తలుపు గడియ పెట్టకుండా పడుకున్నానురా. నాకా రాయొద్దు. నా బిడ్డ ఎముక ఒక్కటి చూపించండి, గడియ పెట్టుకుంటాను."

క్వారీలో తవ్వడానికి పలుగులు ఎన్ని కావాలని బాబాయే అడిగాడు.

మర్నాడు సభలో నినాదాలిస్తే అరెస్టు చేస్తామని ముందే హెచ్చరించారు. మంత్రిగారు త్యాగం గురించి మాట్లాడుతుండగా మేం రెండు వందల మందిమి లేచి నిలబడి, శబ్దం లేకుండా, పెదాలతో ఒకే మాట అన్నాం: సున్నపు క్వారీకి. మళ్ళీ అన్నాం. మంత్రి చదివిన వరుసే మళ్ళీ చదివాడు. ఏ నినాదమని రాసుకోవాలో తెలియక ఇన్‌స్పెక్టరు తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మేం అటు నుంచి అటే క్వారీకి నడిచాం.

రెండు గంటలు తవ్వాం. నడుం లోతులో ఒక చెప్పు దొరికింది, దాని పక్కనే ఎముకలు. పెద్దమ్మ ఏడవలేదు. తువ్వాలు పరిచి, చేతులతోనే మట్టి తీయడం మొదలుపెట్టింది.

పోలీసులు వచ్చేశారు.

"ఇది ప్రభుత్వ స్థలం. ఇక్కడ తవ్వమని ఎవరు చెప్పారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా అక్క" అన్నాను.

పదిహేడు మందిని వ్యాను ఎక్కించారు. పెద్దమ్మ తువ్వాలు వదల్లేదు, దాంతోపాటే ఎక్కించాల్సి వచ్చింది. వ్యాను కదిలేసరికి రెండో షిఫ్టువాళ్ళు మగ్గాలు ఆపేసి వచ్చారు. మేం వదిలేసిన పలుగులు తీసుకుని ఒక్కొక్కరే గోతిలోకి దిగుతున్నారు.