మూసి ఉన్న వెనక తలుపు

మా తమ్ముడు ఎల్లేశ్‌కు చెరువంటే ప్రాణం. ఆ చెరువు దగ్గరికి వాణ్ని పోనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. వాణ్ని ఆపే పని నా నెత్తిన పడింది.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో చేపలు పట్టి బతికే ఇళ్లు మావి. పోయినేడు వానాకాలం థర్మాకోల్ తెప్ప మీద నిలబడి వల విసురుతూ, వాడు ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయి నీళ్లలో పడ్డాడు. మాకు పెదనాన్న వరసయ్యే శంకరయ్య పక్క తెప్ప మీద ఉన్నాడు కాబట్టి సరిపోయింది, జుట్టు పట్టి పైకి లాగాడు. దవాఖానలో ఫిట్స్ అన్నారు. గోలీలు వేసుకుంటే తగ్గుతాయట, కానీ ఎప్పుడొస్తాయో చెప్పలేరట. చేపలు పట్టేవాణ్ని నీళ్లకు దూరంగా ఉంచమనడం చెప్పేవాళ్లకు సులువే.

వాడు వింటేగా. అమ్మ నర్సింహమ్మ ముందు వాకిట్లో కూర్చుంటే, వాడు వెనక తలుపులోంచి జారుకునేవాడు. నేనేమో పొద్దంతా మీర్‌పేట్‌లో చీరల దుకాణంలో ఉంటాను. వెనక తలుపుకు తాళం వేద్దామంటే అమ్మ నా మీద లేచింది.

"ముప్పై ఏండ్ల మొగోణ్ని గొడ్డు లెక్క కట్టేస్తమా? లోపటనే పడిపోతే తాళం ఎవలు తీయాలె?"

అదీ నిజమే. మనిషిని బంధించొద్దు, వదిలిపెట్టొద్దు. ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

దుకాణంలో నాతో పనిచేసే మౌనిక, నాదర్‌గుల్‌లో వాళ్లింటి తలుపుకు పెట్టుకున్న సెన్సర్ చూపించింది. తలుపు తెరిస్తే చాలు, ఎక్కడున్నా ఫోన్ మోగుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవకది తెప్పించాను. తీరా చూస్తే అది పనిచేయాలంటే, దాన్ని ఇంటర్నెట్‌కు కలిపే ఇంకో డబ్బా కొనాలట. తిట్టుకుంటూ వాపస్ చేసి, నేరుగా ఇంట్లో వైఫైకి కలిసేది తెప్పించాను. మొదట్లో అది దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు మోగేది. వాడు వీధి చివరికి పోయాక ఫోన్ కూసేది. రౌటర్‌ను వంటింటి గోడకు మార్చాక దారికొచ్చింది.

ఉన్నవి రెండు తెల్ల ముక్కలు. ఒకటి తలుపుకు, ఒకటి గుమ్మం చౌకట్‌కు అంటించాను. చౌకట్‌కు ఉన్న దాంట్లో అయస్కాంతం ఉంటుంది. రెండూ దగ్గరగా ఉన్నంతసేపూ ఫోన్‌లో "మూసి ఉంది" అని కనబడుతుంది. దూరమైతే మోగుతుంది. మోగగానే నేను అమ్మకు ఫోన్ చేయాలి, అమ్మ వెనక్కి పోయి వాణ్ని పిలవాలి. మా ముగ్గురి బతుకూ ఈ ఏర్పాటు మీద నడిచింది. నిజం చెప్పొద్దూ, బాగానే నడిచింది. వాడు గొణుక్కుంటూ తిరిగొచ్చేవాడు, అమ్మ నన్ను తిట్టేది, నేను చీరలు మడతపెట్టుకునేదాన్ని.

శుక్రవారాలైతే దుకాణంలో ఉన్నంతసేపూ ఫోన్ అసలు మోగేదే కాదు. అమ్మవారి రోజని వాడు కూడా బుద్ధిగా ఉంటున్నాడనుకున్నాను. వారమంతా గుండె చేతిలో పట్టుకుని తిరిగే నేను, ఆ ఒక్క రోజే టిఫిన్ డబ్బా తెరిచి నలుగురితో నవ్వుతూ అన్నం తినేదాన్ని.

అలాంటి ఒక శుక్రవారం, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు శంకరయ్య పెదనాన్న ఫోన్ చేశాడు.

"బిడ్డా అనురాధా, ఎల్లేశ్ తెప్పేసుకొని జర దూరం పోయిండు. పిలుస్తే పలుకుతలేడు. నాకెందుకో భయమైతుంది."

"మా ఎల్లేశా? వాడు ఇంట్లనే ఉన్నడు పెదబాపు."

"ఇంట్ల ఉండుడేంది? శుక్రారం శుక్రారం వస్తనే ఉన్నడు గద. అక్క ఒప్పుకున్నదని చెప్పిండు."

ఫోన్‌లో చూశాను. వెనక తలుపు మూసి ఉంది.

అమ్మకు చేశాను. ఎల్లేశ్ ఏడంటే, వెనక అర్రలో పండుకున్నడేమో అంది. పోయి చూడమన్నాను. చూసొచ్చి, లేడంది. తలుపు తీసి ఉందా మూసి ఉందా అని అరిచాను.

"తీసే ఉన్నది. పొద్దున్నే తలుపులు కడిగి, గడపలకు పసుపు పెట్టిన. ఆరాలె గద."

"మరి దానికి పెట్టిన ముక్కలేవే?"

"నీళ్లు తాకితే ఖరాబైతయని శుక్రారం తీసి పెడ్తనే. పొద్దున నువ్వు దుకాణం పోకముందే తీసి, పొద్దుగూకి నువ్వొచ్చినంక మళ్ల అంటిస్త. ఒక్కటి పోతే ఇంకోటి పనికిరాదన్నవ్ గద, అందుకే రెండు కలిపి గోలీల డబ్బల భద్రంగ పెట్టిన."

ఆ రెండు ముక్కలూ డబ్బాలో ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్నాయి. దూరమైతేనే కదా మోగేది.

"నువ్వు ఫోన్ చెయ్యకపోతివి, వాడు యాడికి పోలేదనుకున్న" అంది అమ్మ. ఆమె నన్ను నమ్ముకుంది, నేను ఫోన్‌ను నమ్ముకున్నాను. ఎవర్ని తిట్టాలో తెలియక చెప్పులేసుకుని బస్సుకు పరుగెత్తాను.

బస్సు దిగి చెరువు కట్ట మీదికి ఎక్కాను. చెరువు నడుమ చిన్న తెల్ల చుక్కలా తెప్ప, దాని మీద వాడు. శంకరయ్య పెదనాన్న మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చేతులూపుతున్నాడు. నాకు ఈత రాదు. గట్టిగా పిలుద్దామంటే, ఉలిక్కిపడితే ఏమవుతుందోనని భయం. నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను. వాడు తాపీగా వల లాగి, చేపలు ఏరుకుని, తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. నన్ను చూడగానే మొహం వాడిపోయింది. అంతవరకు ఆ మొహం ఎంత వెలిగిపోతూ ఉందో కూడా చూశాను. అయినా చెంప మీద కొట్టాను.

"కొట్టకు బిడ్డా, ఇగ పోనియ్యం" అన్నాడు పెదనాన్న.

"పోనక్కా. అమ్మ తోడు" అన్నాడు ఎల్లేశ్. చెంప పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ ముక్కలకు ఈసారి స్క్రూలు బిగించాను. గడప వరకే నీళ్లు, తలుపును తడిగుడ్డతో తుడవాలని అమ్మకు చెప్పాను. కిటికీలకూ తెప్పించి పెట్టాను. వల తీసి పెదనాన్న ఇంట్లో పడేశాం. వాడు ఇచ్చిన మాట మీదే నిలబడ్డాడు. టీవీ ముందు కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు, మాట్లాడటం తగ్గించాడు. ఫోన్ మోగడం మానేసింది.

మొన్న నాకు సెలవు. ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. చింతపులుసు పోసిన చేపల కూర. వాడు ముద్ద కలుపుతున్న చేయి ఆగిపోయింది. కళ్లు పైకి తిరిగాయి. పళ్లెం ఎగిరి గోడకు తగిలింది. అమ్మ తాళంచెవుల కోసం లేచింది, వాడి చేతిలో పెట్టాలని. నేను వాణ్ని పక్కకు తిప్పి తల నా ఒడిలో పెట్టుకున్నాను. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు. తలుపులన్నీ మూసే ఉన్నాయి, కిటికీలు మూసే ఉన్నాయి, నేను పక్కనే ఉన్నాను. అయినా అది వచ్చింది. వాడు కొట్టుకుంటుంటే, అది పోయేదాకా నేను పట్టుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియక అటూ ఇటూ చూశాడు. నా మొహం కనబడగానే భయపడిపోయి, చెంప మీద చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను యాడికి పోలేదక్కా" అన్నాడు. "ఒట్టు, ఇంట్లనే ఉన్న."