దొరప్పకు సున్నం గీకిన రోజు

రాతిదేవుడు దొరప్పకు ఏటా ఉగాది ముందు సున్నం కొడతారు. ఎర్రమన్నుతో పట్టీలు దిద్ది, ఒక కోడి, ఒక క్వార్టర్ బ్రాందీ, ముట్టించిన సిగరెట్టు ఒకటి పెడతారు. సిగరెట్టు రాతి మీద చివరిదాకా కాలాలి. నడిమధ్యలో ఆరిపోతే దొరప్ప అలిగినట్టు లెక్క. బ్రాందీ ఎటు పోతుందని ఎవరూ అడగరు. సాయంత్రం పూజారి నాగప్ప నడక చూస్తే చాలు. ఆ రాతి కింద ఉన్నది ఎప్పటివాడో ఒక తెల్ల సిపాయి అని మాత్రం అందరికీ తెలుసు. సిపాయి కాబట్టి యుద్ధంలో పోయి ఉంటాడనుకున్నారు గానీ, ఎవరు, ఎక్కడివాడు అని ఎవరూ పట్టించుకోలేదు. దేవుడి దగ్గర ఆధార్లు అడుగుతామా!

ధరూర్ దాటి కృష్ణానది వైపు పోతే వచ్చే ఆ ఊళ్లో నేను ఇంగ్లీషు టీచర్ని. రోజూ గద్వాల నుంచి షేర్ ఆటోలో వేలాడుతూ వస్తాను. ఇంగ్లీషును తెలుగులోనే చెబుతాను. అలాగైతేనే పిల్లలకీ అర్థమవుతుంది, నాకూ అర్థమవుతుంది.

దొరప్ప ఉన్నది వెంకటమ్మ పల్లీ చేనులో. రాతి పక్కనే చిన్న మట్టిగడ్డ ఉంటుంది. అది ఆమె కూతురు శైలజ సమాధి. ఆరేళ్ల పిల్ల, జ్వరంతో దవాఖానకు పోయే దారిలోనే పోయింది. ఇక్కడ చాలామంది తమవాళ్లను తమ చేనులోనే పెట్టుకుంటారు. కలుపుకు పోయినా, కోతకు పోయినా ఒకసారి చూసుకోవచ్చు.

రెండువేల ఆరులో ఎత్తిపోతల కాలువకు ముగ్గు పోశారు. ఆ తెల్లగీత సరిగ్గా దొరప్ప నెత్తి మీదుగా, పిల్లగడ్డ మీదుగా పోయింది. వెంకటమ్మ ఇంజినీరు మధు చుట్టూ తిరిగింది.

"భూమి తీసుకో సారూ. నా పిల్లను మాత్రం తవ్వకు," అని ఎన్నిసార్లు చెప్పిందో. మధు చెడ్డవాడేం కాదు. మ్యాపు చెప్పిందే వింటాడు, మనిషి చెప్పేది వినడు. అంతే తేడా.

జేసీబీ రావలసిన రోజు పొద్దున్నే, ఆ మ్యాపులో లేని ఒక తెల్లాయన టాక్సీలో దిగాడు. పేరు డెక్లన్. ఐర్లాండులో పోస్టాఫీసు కొలువు చేసి రిటైరై, పరాయి దేశాల్లో పడి ఉన్న ఐరిష్ సిపాయిల సమాధులు వెతుక్కుంటూ తిరుగుతున్నాడట. కొందరు రిటైరయ్యాక కాశీకి పోతారు, ఈయన స్మశానాలు పట్టుకున్నాడు. మా హెడ్మాస్టరు నన్ను ముందుకు తోసి, "మేడమ్‌కు ఇంగ్లీషు బాగా వస్తది," అని తప్పుకున్నాడు. ఆ డెక్లన్ ఇంగ్లీషు సగం నోట్లో, సగం ముక్కులో ఉంది. నాకు పావు వంతు దక్కింది. మిగతాది ఊహించుకున్నాను.

చేనులో అప్పటికే ఊరంతా చేరింది. నాగప్ప చేతులు జోడించి, "ఇంగ్లీషు దొరా, దండం," అన్నాడు. నేను తర్జుమా చేశాను. డెక్లన్ ముఖం మిరపపండయింది. తాను ఇంగ్లీషువాడు కాదనీ, ఐరిష్ అనీ, ఇంగ్లీషువాళ్లు తమను కూడా ఏలి ఏడిపించారనీ ఒక ఉపన్యాసం దంచాడు.

"ఏమంటుండు?" అన్నాడు నాగప్ప.

"ఆయన వేరే తెల్లోడంట."

"తెల్లోళ్లల్ల గూడ కులాలున్నయా!" అని నాగప్ప తృప్తిగా తలాడించాడు.

నాగప్ప మర్యాదకు క్వార్టర్ సీసా చేతికిస్తే డెక్లన్ వద్దన్నాడు. కోటుకు పెట్టుకున్న చిన్న బిళ్ల చూపించి, జన్మలో చుక్క ముట్టనని ఒట్టు వేసుకున్న గుర్తు అదని చెప్పాడు. జనం నిరాశపడ్డారు. "మన దొరప్ప చుట్టం కాదు వీడు," అని వెనక నుంచి ఎవరో తేల్చేశారు.

వెంకటమ్మ మాత్రం నా కొంగు వదల్లేదు. "టీచరమ్మా, ఇది యుద్ధంల పోయినోని గోరీ, దీన్ని కదిలియ్యద్దని ఆయన చెప్తే సారు ఇంటడు. జర అడుగమ్మా. దొరప్ప ఉంటే పక్కన నా శైలు గూడ ఉంటది."

అడిగాను. ముందు పేరు చదవాలన్నాడు. పేరేమో ఎన్నో ఉగాదుల సున్నం కింద ఉంది. గీకాలంటే నాగప్ప అడ్డం పడ్డాడు. "దేవుని తోలు తీస్తరా!" అని అరిచాడు. వెంకటమ్మ ఆయన్ని పక్కకు నెట్టి కలుపు తీసే కుర్పి తెచ్చింది. పొరలు పొరలుగా సున్నం రాలింది. ముందు ఒక సిలువ బయటపడింది, తరువాత అక్షరాలు. డెక్లన్ మోకాళ్ల మీద కూర్చుని వేలితో ఒక్కొక్క అక్షరం తడిమాడు. థేడీ మీహన్, ఐర్లాండులోని గాల్వే. వయసు ఇరవై రెండు. కంపెనీ పటాలం ఇటుగా పోతుంటే కలరాతో చచ్చాడు. తోటి సిపాయిలు రాయి పెట్టారు.

"యుద్ధం చెయ్యలే?" అన్నాడు నాగప్ప.

"లేదు. వాంతులు, విరేచనాలు."

ఇన్నేళ్లు వీరుడని మొక్కినవాడు గట్ల పోయిండా అని ఊరు కాసేపు నోరు తెరిచింది. డెక్లన్ మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. ఇంటి దగ్గర తల్లికి కబురైనా అంది ఉండదన్నాడు. అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నాకు సిగ్గేసింది.

అప్పుడే మధు వచ్చాడు, వెనకాల జేసీబీ. నేను డెక్లన్‌ను అడగవలసింది అడిగాను. ఆయన తల దించుకున్నాడు. తనది కెమెరా, ఓపిక తప్ప ఏ అధికారం లేని బతుకన్నాడు. సమాధులు చూసుకునే పెద్ద సంస్థ ఉంది గానీ, అది రెండు ప్రపంచ యుద్ధాలవాళ్లనే చూస్తుందట. అంతకు ముందే చచ్చినవాళ్లు దాని లెక్కలోకి రారట. చావడానికి కూడా మంచి ముహూర్తం చూసుకోవాలన్నమాట!

"చూసిన్రు గద మేడమ్. ఇగ పక్కకు జరగుండ్రి," అన్నాడు మధు.

ఆ మాట వెంకటమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పక్కర్లేకపోయింది, నా ముఖం చూసింది. పోయి పిల్లగడ్డ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. జేసీబీ కదిలింది.

ఉన్నట్టుండి వెంకటమ్మ జుట్టు ముడి ఊడింది. లేచి, పూనకం వచ్చినట్టు తల విసురుతూ ఊగింది.

"శిగమొచ్చింది!" అని ఆడవాళ్లు అరిచారు.

నాగప్ప ముఖం మాడిపోయింది. దొరప్ప ఎప్పుడు వచ్చినా నాగప్ప ఒంటి మీదికే వచ్చేవాడు. ఇలా పార్టీ మారతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. అయినా పూజారి కదా, అడగక తప్పదు. వేపమండ పట్టుకొని, "ఎవరు నువ్వు? పేరు చెప్పు," అన్నాడు.

"దొరప్పను రా బాలకా! ఎవడ్రా నా మీదికి బండి తెచ్చింది?"

"తప్పయింది సామీ. ఏం గావాలె?"

"నాకేం వద్దు. నా తల్లి యాడనో, నేను యాడనో. ఒక్కన్నే పండుకుంటి. నాకు తోడు ఈ పిల్ల వచ్చింది. చీకటైతే దానికి భయం, నేను కావలుంట. మమ్ముల లేపిన్రంటే మీ కాల్వల చుక్క నీళ్లు పారయి, యాది పెట్టుకో!"

జనం దబదబా వంగి దండాలు పెట్టారు. మధు డ్రైవరు మీద అరిచాడు. ఆ డ్రైవరు యేసయ్య, ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, శిగానికి భయపడే రకం కాదు. కానీ రాతి మీది సిలువను అప్పుడే చూశాడు. ఇంజను బంద్ చేసి దిగాడు. "సారూ, సిలువ మీదికి నేను ఎక్కియ్య. ఎవల్నన్న వేరేటోన్ని తెచ్చుకో," అని చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మేడమ్, చదువుకున్నోళ్లు, మీరన్న చెప్పుండ్రి," అన్నాడు మధు నాతో, దిక్కుతోచక.

"ఏం చెప్పమంటరు సార్? ఒక దిక్కు దొరప్ప, ఒక దిక్కు యేసుప్రభువు. నడుమ మీరున్నరు. మ్యాపుతోనే అడగండి," అన్నాను.

ఆమె ఏమంటోందని డెక్లన్ అడిగాడు. "మీ థేడీ మాట్లాడుతున్నాడు. ఒంటరిగా ఉండేవాడట, ఆ పిల్ల తోడు వచ్చిందట. పిల్లను లేపొద్దంటున్నాడు," అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అంత మంచి ఇంగ్లీషు నేను మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన టోపీ తీశాడు. నాగప్ప చేతిలో సీసా లాక్కొని, జన్మలో చుక్క ముట్టని ఆ మనిషి రెండు చేతులతో రాతి మీద బ్రాందీ పోశాడు. కొంచెం ఆగి పక్కనున్న చిన్న గడ్డకు వంగి తన నీళ్ల సీసాలోంచి నీళ్లు పోశాడు. పిల్ల కదా.

మధు ఫోనులో ఎవరితోనో చాలాసేపు వాదించాడు. చివరికి గీత అవతలి రాళ్లగుట్ట వైపు జరిగింది. ఇప్పటికీ ఆ కాలువ అక్కడ మోచేయిలా వంగి ఉంటుంది. ఎందుకని అడిగితే నేల గట్టిది అని ఆఫీసువాళ్లు చెబుతారు.

అందరూ పోయాక వెంకటమ్మ బోరు దగ్గర ముఖం కడుక్కుంటోంది. నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"నిజం చెప్పక్కా. శిగమేనా? ఆ దొరప్ప గాల్వే మనిషి. గంత మంచి పాలమూరు తెలుగు ఎట్ల మాట్లాడిండు?"

వెంకటమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మా శైలు ఒక్క గడియన్న నోరు మూసుకొని ఉండేదా, టీచరమ్మా? అదే నేర్పి ఉంటది."