పారణ వేలం

మా సూరత్ జైన సంఘంలో ఇరవై రెండేళ్లుగా వేలంపాట పాడించేది నేనే. దేవుడు నాకు గొంతు బాగానే ఇచ్చాడు, సిగ్గు మాత్రం కాస్త తగ్గించాడు. పర్యుషణ్ పండగ వచ్చిందంటే మొదటి హారతి ఎవరివ్వాలి, దేవుడి ఊయల ఎవరూపాలి, అన్నీ నా పాటలోనే తేలాలి. పాట మణుగుల నెయ్యి మీద నడుస్తుంది. ఆ నెయ్యి ఎవరి కంటా పడదు. మణుగుకింత అని రూపాయలు కట్టేస్తారు.

నెల రోజులు కాచిన నీళ్లతోనే ఉపవాసం ఉన్నవాళ్లకి, దాన్ని విడిచే పారణ నాడు మొదటి చెంచా పెసరకట్టు తాగించే పుణ్యానికి కూడా పాట పెట్టించింది నేనే. ఆ తర్వాత మా వీధిలో ఎవరి ఉపవాసం ముగిసినా "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగేవాళ్లు లేరు. "ఎంతకి పోయింది?" అనే అడుగుతారు.

ఈసారి పారణ తారాబాది, మా అందరికీ బా, అంటే అమ్మ. డెబ్భై ఏళ్ల ఒంటరి మనిషి, అప్పడాలు ఒత్తుకుని బతుకుతుంది. పొద్దున్నే నాడి చూసిన డాక్టరు, ఇంక ఒక్క పూట కూడా లాగొద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. నాలుగిళ్లలో అంట్లు తోమే రేవీబెన్ ఆవిడని నడిపించుకుని వచ్చి కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఈ నెలంతా బా కాళ్లు ఒత్తింది, పక్కన పడుకుంది ఆవిడే. మాలో ఎవరూ చెయ్యమనలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. వజ్రాల ఛబీల్ శేఠ్ పదకొండు వేల మణుగుల దగ్గర ఎత్తుకున్నాడు. పదిహేను వేలన్నారు వెనకనుంచి. శేఠ్ తిరిగైనా చూడకుండా "ఇరవై ఒక్క వేలు!" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు.

"ఇరవై ఒక్క వేలు, ఒకటోసారి..."

"ఆగరా జసూ," అంది తారాబా. గొంతు పీలగా ఉంది గానీ అందరికీ వినబడింది. "నేనూ పాడొచ్చా?"

"మీరా బా? మీ దగ్గర ఏముందని?"

"ఆకలి ఉంది. నెల రోజులు కడుపు కట్టుకున్నది అన్నీ వదిలించుకోడానికిరా. దాన్ని నువ్వు వంకాయల్లా తూకానికి పెట్టావు. నా పాట ఇంకో మూడు రోజుల ఉపవాసం. పాట నాదైతే చెంచా రేవీ చేతికివ్వు."

మూడు రోజులంటే మనిషి దక్కదు. దిక్కుతోచక, పీట మీద కూర్చున్న మా సన్యాసిని సాధ్వీజీ వైపు చూశాను.

"పూర్వం పాట వ్రతాలతోనే పాడేవారు," అందావిడ. "చెల్లుతుంది."

"ఇరవై ఐదు వేలు!" అన్నాడు శేఠ్.

"వ్రతం మీద వ్రతమే పాడాలి శేఠ్. నాలుగు రోజులు ఉండగలవా?" అంది సాధ్వీజీ.

"నాకు షుగరండీ..." అని నసిగాడు. నిజంగానే ఉంది పాపం. వెనక పదిహేను వేలన్న ఆసామికి ఉన్నట్టుండి బీపీ వచ్చింది. ఎనిమిదేసి రోజులు పస్తుండి పారణకి వచ్చినవాళ్లు తలలు దించుకున్నారు, వాళ్లనేమనగలం? నేనూ పాడలేదు.

ఎవరైనా పాడకపోతారా అని సాగదీశాను. "మూడు రోజులు... ఒకటోసారి..." తారాబా కళ్లు మూసుకుని ఒక పక్కకి ఒరిగిపోతోంది. "రెండోసారి..."

"నాలుగు!"

గుమ్మం దగ్గరనుంచి రేవీబెన్. తలమీద కొంగు లాక్కుంటూ అంది: "నేను మీలోదాన్ని కాదు. తప్పయితే తిట్టండి. నాలుగు రోజులు నేనుంటా. బాకి ఇప్పుడే తాగించండి."

సాధ్వీజీ తల ఊపిందో లేదో, నేను ఒకటి రెండు మూడు ఒక్క గుక్కలో అనేసి గంట కొట్టేశాను. అంత తొందరగా ఏ పాటా ముగించి ఎరగను.

రేవీబెన్ చేతులు కడుక్కుని వచ్చి చెంచా పట్టుకుంది. తారాబా ఆ చేతి వంక ఒకసారి చూసి నోరు తెరిచింది. శేఠ్ లేచి, వెండి గిన్నె తనే రెండు చేతులా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు ఏడుపొచ్చింది.

గిన్నె ఖాళీ అయ్యాక రేవీబెన్ మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"జసూభాయ్, ఓ మాట. పొద్దున శర్మాగారింట్లో అరకప్పు టీ తాగేశా. అది తాగాక మొదలెడితే ఇవాళ లెక్కలోకి వస్తుందా?"

"వస్తుందమ్మా," అన్నాను. "రాకేం!"

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"మీరు మంచోళ్లు కాబట్టి అంటున్నారు. వద్దులెండి, ఐదు ఉంటా."