ప్రభువుకు పట్టిన సీటు

చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు ఆగకముందే నా పెండ్లాం కృపామణి కిటికీలోంచి ఇద్దరు కూచునే సీటు మీదికి తువ్వాలు విసిరింది. రెండోది నాకే అనుకుని కూచోబోయినాను.

"లెయ్యబ్బా, ఆడ ప్రభువు కూచోనుండాడు" అనింది.

మనం యాడికి పోయినా దేవుడు పక్కనే ఉంటాడని ఆదివారం పాస్టరయ్య చెప్పినాడు. ఆ పొద్దే ఇంట్లో నా కుర్చీ పోయింది. ఇప్పుడు బస్సులో సీటూ పోయింది. ఒళ్లు మండింది గానీ, ఎవురితో పోట్లాడేది?

కండక్టర్ వచ్చి తువ్వాలు చూసినాడు. "ఈ సీటు ఎవురికమ్మా?"

"ప్రభువుకు."

"ఫ్రీ ఆడోళ్లకే. ఆయనకు టికెట్ తియ్యల్ల."

కృపామణి నా పక్క చూసింది. తీసినాను.

దోవలో పూలగంపతో ఒక ముసలామె ఎక్కింది. కృపామణి ఆమెకూ అదే మాట చెప్పింది.

"ఆయనే కూచోనుంటే, నన్ను చూస్తానే లేచి సీటిచ్చుండడా తల్లీ?" అనింది ముసలామె.

కృపామణి గబుక్కున తువ్వాలు తీసేసింది. ముసలామె కూచునింది.

"మరి ప్రభువో?" అని గొణిగినాను.

"నీ పక్కనే నిలబడుకోనుండాడు. రవ్వంత జరుగు."