మూడుసార్లు తగ్గిన కిస్తీ

కారు అప్పు మంజూరైందని ఫోను టింగుమన్నప్పుడు లెక్కల మాస్టారు సగం గడ్డమే గీసుకుని ఉన్నాడు. మిగతా సగం నురగతోనే పరుగెత్తుకొచ్చి, ఇస్త్రీ చేస్తున్న భార్యకు ఆ సందేశం రెండుసార్లు చదివి వినిపించాడు. "అభినందనలు" అన్న మాటను మూడోసారి కూడా చదివాడు. పెళ్లయి నలభై రోజులు. ఆ ఇంట్లోకి కొత్త చీపురు వచ్చినా పండగే, అలాంటిది కారు! ఆమె అతని ముక్కుమీది నురగ వేలితో తుడిచి, పోటీకి ఎవరూ లేకపోయినా ముందు సీటు తనదేనని ఖాయం చేసుకుంది.

పోయిన వారం షోరూము గుమ్మంలోనే సేల్స్ మనిషి ఆమెను "అక్కా" అన్నాడు. అక్క అన్నాక ఆమె మొగుడు బావ కాక ఏమవుతాడు? అయిదు నిమిషాల్లో చుట్టరికం కలిసిపోయింది. బావగారికి కాఫీ, అక్కకు గులాబీ, ఇద్దరికీ కలిపి నెలకు పదిహేడు వేల కిస్తీ. కారు ఎనిమిది లక్షలు; రెండు ముందు కట్టాలి, ఆరు షోరూమువాళ్లే ఇప్పించే అప్పు. ఆ రెండు లక్షలూ ఆమెవి. ల్యాబులో నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల రక్తం పరీక్షించి దాచుకున్నవి. చెక్కు రాసి బీరువాలో పెట్టింది. రేపు పదింటికి ఇచ్చి సంతకాలు పెట్టడమే. ఒకసారి ఇస్తే తిరిగి ఇవ్వబడదని కూడా వాళ్లు ముందే చెప్పారు, చాలా ప్రేమగా.

మాస్టారు బేరమాడిన తీరు ఇంటికొచ్చిన ప్రతివాడూ విన్నాడు. పదిహేడు వేలంటే కుదరదని కుర్చీలోంచి లేచాడట. బావగారు లేస్తే తట్టుకోలేక సేల్స్ మనిషి లోపలికెళ్లి పద్నాలుగున్నర వేలు చేసుకొచ్చాడట. మళ్లీ లేస్తే పన్నెండు వేల ఎనిమిది వందలు. మూడోసారి గుమ్మందాకా నడిస్తే పదకొండు వేల ఆరువందలు. ఆమె అప్పుడు కారులో కూర్చుని కొత్త సీటు వాసన పీలుస్తోంది గనక ఈ శౌర్యం కళ్లారా చూడలేదు.

ఇప్పుడు సందేశం వెంట వచ్చిన కాగితాలను, మిగిలిపోయిన శుభలేఖ వెనక అంకెలు రాసుకుంటూ ఆమె తీరిగ్గా చదివింది. తొమ్మిదో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, నెలల సంఖ్య దొరికింది. ఎనభై నాలుగు.

"మాస్టారూ, పదిహేడు వేలన్నప్పుడు ఎన్నేళ్లకు?"

"నాలుగు."

"ఇప్పుడు ఏడు. మీరు లేచినప్పుడల్లా ఆయన లోపలికెళ్లి ఒక ఏడాది కలుపుకొచ్చాడు."

అతను నవ్వి కొట్టిపారేశాడు. వడ్డీ నూటికి తొమ్మిదే కదా, తొమ్మిదో ఎక్కం తనకెవరూ నేర్పక్కర్లేదన్నాడు. ఆమె శుభలేఖను అతని ముందుకు తోసింది. ఆరు లక్షలకు ఏటా యాభై నాలుగు వేలు. నాలుగేళ్లకైతే రెండు లక్షల పదహారు వేలు, ఏడేళ్లకు మూడు లక్షల డెబ్బై ఎనిమిది వేలు. బావగారు మూడుసార్లు లేచినందుకు లక్షా అరవై రెండు వేలు.

"ఇంకోటి చెప్పండి. నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం. ఏడో ఏటికి మిగిలేది ఏ ఎనభై అయిదు వేలో. దానికి కూడా ఆరు లక్షల మీద వేసే వడ్డీ ఎందుకు కట్టాలి?"

తగ్గుతూ వచ్చే అసలు మీద వడ్డీ లెక్క ఏటా పదో తరగతికి బోర్డు నిండా చెప్పేది ఈ మాస్టారే. షోరూములో బోర్డు లేదు మరి, కాఫీ ఉంది. నురగ ఎండిపోయిన చెంపతో కూర్చుని కాసేపు కిందామీదా పడ్డాడు. మిగిలిన అసలు మీదే లెక్కేస్తే ఆ తొమ్మిది కాస్తా పదిహేను దాటింది. ఎర్రపెన్ను తీసి, షోరూము చీటీలో తను గర్వంగా చుట్టూ గీత గీసుకొచ్చిన పదకొండు వేల ఆరువందలను అడ్డంగా కొట్టేశాడు. పక్కన సున్నా మార్కులు వేసి, అలవాటు కొద్దీ కింద సంతకం కూడా పెట్టాడు.

ఆమెకు నవ్వాగలేదు. ఇంత ముద్దొచ్చే సున్నా ఆమె ఎన్నడూ చూడలేదు.

"కారు వద్దంటావా?" అన్నాడు చిన్నగా.

"కారు కావాలి. ముందు సీటు నాది. ఆ తమ్ముడే వద్దు."

అతను లేచి మిగతా సగం గడ్డానికి మళ్లీ నురగ పట్టించుకుంటూ అన్నాడు: "అయితే చెక్కు బీరువాలోనే ఉండనీ. రేపు తెరవగానే నీ జీతం పడే బ్యాంకుకి వెళ్దాం. తగ్గే అసలు మీద, నాలుగేళ్లకు, మొత్తం ఎంతవుతుందో రాసిమ్మందాం. ఆ కాగితం పట్టుకునే షోరూముకి పోదాం. ఈసారి నేను కూర్చోను. కూర్చుంటేగా లేవాల్సొచ్చేది."